కందిరీగల వంశంలోకి నేను దూర్చిన చుట్టం

శాలువా కప్పించుకున్నాక ఎప్పుడో పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. శాలువా ఇంకా భుజం మీద ఉండగానే, మైకు చేతిలో ఉండగానే పోగొట్టుకున్నది మాత్రం నాకు తెలిసినంతలో నేనొక్కదాన్నే. ఆ వైభవం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో ఒక ఊరు ఊరంతా నవ్వింది. మీరు కొత్తగా చేసేదేమీ లేదు.

అప్పుడు నేను గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేరు హైమ, ఊరు నరసరావుపేట, చదువు పురుగుల మీద. ఇందులో మూడోది మా ఇంట్లో ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే మా అమ్మ "సైన్సు" అనేసి కాఫీ తేవడానికి లోపలికి వెళ్లిపోయేది.

నా పురుగులు కందిరీగలు. కందిరీగ అనగానే మీకు గుర్తొచ్చేది ఇంటి చూరుకు పట్టి, కుడితే మొహం బూరెలా పొంగించేది. నావి అవి కావు. నువ్వుగింజ పక్కన పెడితే నువ్వుగింజే పెద్దగా కనిపించేంత చిన్నవి. మనుషుల జోలికి రావు. చేలో ఆకులు తింటున్న పురుగును వెతుక్కుంటూ వెళ్లి, సూదిలాంటి తోకతో దాని ఒంట్లోకి గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి పుట్టిన పిల్లలు ఆ పురుగును లోపలి నుంచే తింటూ పెరిగి, ఒకరోజు దాని చర్మం చీల్చుకుని బయటికొచ్చి, దాని పక్కనే నూకల్లాంటి తెల్లటి గూళ్లు అల్లుకుని పడుకుంటాయి. కొన్నాళ్లకు గూళ్లలోంచి రెక్కలతో బయటికొచ్చి ఎగిరిపోతాయి. మనిషి చేస్తే ఘోరం అంటాం. కందిరీగ చేస్తే వ్యవసాయ శాఖవాళ్లు మిత్రపురుగు అంటారు.

చిక్కేమిటంటే ఈ మిత్రులందరూ ఒకేలా ఉంటారు. మైక్రోస్కోపు కింద పెట్టి రోజంతా చూసినా ఏది దేనికి అక్కో, ఏది దేనికి పినతల్లి కూతురో తెలియదు. అందుకని వాటి డీఎన్‌ఏ తీసి, అందులోని అక్షరాల వరుసను చదివి, ఏ వరుస దేనికి దగ్గరగా ఉందో కంప్యూటర్‌తో పోల్చి, వంశవృక్షం గీయాలి. మన పత్తి చేలల్లో, మిరప చేలల్లో తిరిగే కందిరీగలు ఆ వృక్షంలో ఏ కొమ్మ మీద కూర్చుంటాయో తేల్చడం నా పని.

దానికి పురుగుమందు పడని చేను కావాలి. పర్చూరు వైపు నల్లరేగడి నేలల్లో మిరపకు మందు కొట్టని రైతు కోసం తిరగడమంటే ఎండాకాలం వాన కోసం తిరగడమే. చివరికి ఒక ఊళ్లో సాంబయ్య గారు దొరికారు. ఆ ఊరి పేరు చెప్పను, వాళ్లు నావల్ల ఇప్పటికే చాలా భరించారు. సాంబయ్య గారు మాటకు మొహమాటపడే మనిషి. నేను అడగ్గానే కాదనలేక, చేను చివర కొంత భాగం మందు కొట్టకుండా వదిలేస్తానని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మర్నాటి నుంచి పక్క చేను బ్రహ్మయ్య గారు ఆయన్ను వదల్లేదు. సాంబయ్య పురుగులకు హాస్టల్ పెట్టాడని, సీట్లు ఖాళీ ఉంటే తన చేలోవి కూడా పంపుతానని ఊరంతా చెప్పుకు తిరిగారు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు కావడంతో ఆ వేళాకోళానికి హద్దు ఉండేది కాదు.

సాంబయ్య గారి భార్య కోటేశ్వరమ్మ గారు. ఆవిడను నేను పిన్నిగారు అనేదాన్ని, ఆయన్ను బాబాయ్ అనేదాన్ని. చేలో పురుగులు ఏరుకుని ఎండకు వాడిపోయి వస్తే, కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చి, గోంగూర పచ్చడీ ముద్దపప్పూ వేసి అన్నం పెట్టేది. డబ్బాల్లో ఉన్న పురుగులను మాత్రం గడప దాటనిచ్చేది కాదు. అవి అరుగు మీదే ఉండాలి.

అలా తెచ్చిన లద్దె పురుగులను, ఒంట్లోంచి కందిరీగలు బయటికొచ్చేదాకా, ల్యాబ్‌లో ఆకులు వేసి పెంచుతున్నాను. లద్దె పురుగంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను, పొగాకు, మిరప, పత్తి అన్న తేడా లేకుండా ఆకులను జల్లెడ చేసి పెట్టేది. రైతు దాని పేరు చెప్పేటప్పుడు ముందూ వెనకా ఇంకో మాట చేరుస్తాడు, అది ఇక్కడ రాయను.

మా గైడు భారతి మేడం నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆవిడ నాకు మొదటి రోజే చెప్పింది, కందిరీగకు రెక్కలు వచ్చేదాకా ఆగాలని, వచ్చాక కూడా దాని ఒక్క కాలు మాత్రమే తీసి డీఎన్‌ఏకు వాడాలని. నేను తలూపాను. అప్పట్లో నేను చాలా చక్కగా తలూపేదాన్ని.

పత్తి చేల నుంచి తెచ్చినవాటికి ఆ మాట ప్రకారమే చేశాను. మిరప దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. శాంపిల్స్‌ను డీఎన్‌ఏ చదివే బయటి ల్యాబ్‌కు పంపే రోజు దగ్గరపడింది. నా డబ్బాలో చూస్తే, కందిరీగ పిల్లలు లద్దె పురుగు ఒంట్లోంచి అప్పుడే బయటికొస్తున్నాయి. తెల్లగా, బొద్దుగా, కడుపు నిండిన పసిపిల్లల్లా ఉన్నాయి. ఇవి గూళ్లు అల్లి, నిద్రపోయి, లేచి, రెక్కలు కట్టుకునేదాకా ఎవరు కూర్చుంటారు? కందిరీగ పిల్ల కందిరీగ కాకుండా పోతుందా? కాలు తీద్దామంటే వాటికి కాళ్లు లేవు. కొన్నిటిని గూళ్లు అల్లుకోవడానికి వదిలేసి, కొన్నిటిని నిలువునా నూరి ట్యూబుల్లో వేశాను. మేడం ఆ వారమే ఏదో ట్రైనింగుకని హైదరాబాద్ వెళ్లింది. కావాల్సినవన్నీ కలిసొచ్చాయి.

ఫలితాలు వచ్చాయి. కంప్యూటర్‌లో వేసి వంశవృక్షం గీయించాను. పత్తివన్నీ బుద్ధిగా తమ తమ కొమ్మల మీద కూర్చున్నాయి. మిరపవి మాత్రం ఏ కొమ్మ మీదా కూర్చోలేదు. చెట్టు మొదట్లోంచి ఒక పొడవాటి కొమ్మ వేసుకుని, అందరికీ దూరంగా, పెళ్లి భోజనాల్లో ఎవరూ పలకరించని మనిషిలా నిలబడ్డాయి. ఒకటి కాదు, నేను వేసిన మిరప శాంపిల్ ప్రతిదీ అక్కడే. ఒకటైతే పొరపాటు అనుకోవచ్చు. అన్నీ అక్కడే ఉంటే?

ఇది ఇంతవరకు ఎవరికీ తెలియని కందిరీగల శాఖ అనుకున్నాను. లక్షల ఏళ్ల కిందట మిగతావాటి నుంచి విడిపోయి, ఎవరి కంటా పడకుండా, పర్చూరు పక్కన మిరప చేలో కాపురం చేస్తోంది. నా కోసం ఎదురు చూస్తోంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. వచ్చిన అక్షరాల వరుసను ముందుగా ప్రపంచంలోని అన్ని ప్రాణుల వరుసలతో ఒకసారి పోల్చి చూడటం మా పనిలో అలవాటు. నిమిషాల్లో అయిపోతుంది. పళ్లు తోముకోవడం లాంటిది, దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఆ రోజు నేను పళ్లు తోముకోలేదు. నేరుగా కందిరీగల గుంపులో వేసి చుట్టరికం అడిగాను. కంప్యూటర్ అమాయకురాలు. మనం ఏ గుంపు చూపిస్తే ఆ గుంపులోనే చుట్టరికం వెతుకుతుంది. ఏనుగు డీఎన్‌ఏ ఇచ్చినా ఓ మూల నిలబెట్టి, దూరపు బంధువని చెప్పేది.

పక్క బల్ల మీద పనిచేసే ఫిరోజ్‌కు చూపించాను. అతను కాసేపు చూసి, మేడం వచ్చేదాకా ఆగితే మంచిదేమో అన్నాడు. అసూయ అనుకున్నాను. వెంటనే సాంబయ్య గారికి ఫోన్ చేశాను. మీ చేలో దొరికిన కందిరీగ ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చెప్పాను. ఆయన, కనిపెట్టినవాళ్లే పేరు పెడతారటగా, ఏం పెడుతున్నావమ్మా అని అడిగారు. ఆ క్షణంలో నాకు గోంగూర పచ్చడి గుర్తొచ్చింది.

"పిన్నిగారి పేరు పెడతాను బాబాయ్. కోటేశ్వరి."

ఫోన్‌లో ఆ మాట చెప్పడం ఎంత తేలికో తర్వాత తెలిసింది. మూడో రోజుకల్లా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఒక చివర నా ఫొటో, ఇంకో చివర నమస్కారం పెడుతున్న సాంబయ్య దంపతులు, మధ్యలో బొద్దుగా పసుపు నలుపు చారలతో ఒక తేనెటీగ. చీరాలలో ఫ్లెక్సీ కొట్టినతనికి కందిరీగ బొమ్మ దొరకలేదట. కింద పెద్ద అక్షరాలతో "మన ఊరి కోటేశ్వరి, ప్రపంచానికే కొత్త" అని రాయించారు. లోకల్ కేబుల్ చానల్ నుంచి ఒకాయన వచ్చి మైకు పెడితే, నేను ఆ ఫ్లెక్సీ ముందే నిలబడి, చరిత్రను తిరగరాయబోతున్నామని చెప్పాను. ఎవరి చరిత్ర అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు చిన్న సభ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో బ్రహ్మయ్య గారు. ఆ వారమంతా ఆయన నోరు మెదపలేదని, జీవితంలో మొదటిసారి సాంబయ్య గారు ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారని పిన్నిగారు నా చెవిలో చెప్పింది. ఆవిడ ఆ రోజు మంగళగిరి చీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది. సర్పంచ్ గారు నాకు శాలువా కప్పారు. అప్పుడు నా ఫోన్ మోగడం మొదలైంది. ఫిరోజ్ నుంచి మెసేజ్: ఫోన్ ఎత్తు. తర్వాత మేడం నుంచి కాల్.

స్టేజీ మీదే తల వంచుకుని ఎత్తాను. కేబుల్ చానల్ వీడియో ఎవరో పంపితే హైదరాబాద్‌లో చూసిందట. రాత్రే ఫిరోజ్‌ను అడిగి నా ఫలితాలు తెప్పించుకుందట. గొంతులో కోపం లేదు, దానికే నాకు భయం వేసింది.

"హైమా, నువ్వు ఆ కందిరీగలను ఏ పురుగులోంచి తీశావు?"

"లద్దె పురుగు మేడం."

"రెక్కలు వచ్చాక తీశావా?"

నేను భుజం మీది శాలువా సర్దుకున్నాను.

"నీ కొత్త కందిరీగ అక్షరాలను అన్ని ప్రాణులతో పోల్చి చూశాను. అది లద్దె పురుగే. ఒక్క అక్షరం కూడా తేడా లేదు."

కడుపు నిండిన పసిపిల్లల్లా ఉన్నాయన్నాను కదా. ఆ కడుపులో ఉన్నది లద్దె పురుగు. నేను నిలువునా నూరినప్పుడు తిన్నదీ తినబడినదీ రెండూ ట్యూబులోకి వచ్చాయి. డీఎన్‌ఏ చదవడానికి మేం వాడే రసాయనాలు అందులో కందిరీగను వదిలేసి తిండినే పట్టుకున్నాయి. తిన్నవాడి వంశం అడిగితే, కడుపులోని భోజనం జవాబు చెప్పింది. పురుగు కందిరీగల చెట్టు మీద దూరంగా నిలబడదా మరి? అది పెద్దయితే రెక్కలొచ్చి ఎగిరేది, సీతాకోకచిలుకల ఇంటిపేరుది.

ఫోన్ పెట్టేసరికి సర్పంచ్ గారు మైకు నా చేతికిచ్చి, ఇప్పుడు మన హైమ మేడం గారు తను కనిపెట్టిన దాని గురించి నాలుగు మాటలు చెబుతారని కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆ వయసులో మనిషి నిజం దగ్గరికి నేరుగా వెళ్లడు, చుట్టుదారిలో వెళతాడు. కొత్త సమాచారం ఇప్పుడే అందిందని, సైన్సులో ఇలాంటివి సహజమని, మనం అనుకున్నంత కొత్తది కాదని తేలిందని, నిజానికి ఈ ప్రాంత రైతులందరికీ అది ఎంతో కాలంగా పరిచయమేనని చెప్పాను. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. తమకు పరిచయమైనదే ప్రపంచానికి కొత్తదని అర్థం చేసుకున్నారు. నేను నమస్కారం పెట్టి కూర్చోబోతున్నాను. బ్రహ్మయ్య గారు చెయ్యెత్తారు.

"అమ్మాయ్, మాకు పరిచయమంటున్నావు. మేం దాన్ని ఏమని పిలుస్తాం?"

ఇక చుట్టుదారి మిగల్లేదు.

"లద్దె పురుగు అని," అన్నాను. మైకులో ఆ మాట మూడు వీధులకు వినిపించింది.

బ్రహ్మయ్య గారు వెంటనే నవ్వలేదు. ముందు ఫ్లెక్సీ వైపు చూశారు, తర్వాత పిన్నిగారి వైపు చూశారు, తర్వాత సాంబయ్య గారి వైపు తిరిగి, "ఏరా సాంబా, మన ఊళ్లో లేదనుకున్నావట్రా ఇన్నాళ్లూ?" అన్నారు. అంతే. ముందు వరసలో మొదలైన నవ్వు వెనక వరసకు చేరి, అక్కడి నుంచి మళ్లీ ముందుకొచ్చింది. సర్పంచ్ గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. సాంబయ్య గారు కాలు మీది కాలు దించేశారు. అది చూసి నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ బాధేసింది.

ఆడవాళ్ల వైపు నుంచి పిన్నిగారు లేచి నిలబడింది.

"అంటే అమ్మాయ్, నా పేరు పెట్టింది మన చేను తిన్నదానికా?"

"అవును పిన్నిగారు."

"కాయితాల మీద ఎక్కించేశావా?"

"లేదు పిన్నిగారు. ఇంకా ఎక్కించలేదు."

"అయితే దిగిరా. అన్నం చల్లారిపోతోంది."

ఆ మాటతో సభ ముగిసింది.

వాళ్లింట్లో వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. శాలువా మడిచి బాబాయ్ ముందు పెడితే ఆయన దాన్ని పక్కకు జరిపారు. ముద్ద కలుపుతూ, ఈ ఏడాదంతా బ్రహ్మయ్య నన్ను బతకనివ్వడని మాత్రం అన్నారు. నేను జరిగిందంతా వివరంగా చెప్పాను. కందిరీగ అబద్ధం కాదని, చేలో నిజంగానే ఉందని, నేను దాన్ని వదిలేసి దాని కడుపులోని తిండిని చదివానని చెప్పాను.

ఆయన తలెత్తారు. "అంటే మన చేలో కందిరీగ ఉన్నట్టేనా?"

"ఉంది బాబాయ్."

"లద్దె పురుగును తింటోందా?"

"కడుపు పట్టినంత తింటోంది. అంతలా తినబట్టే కదా, దాని డీఎన్‌ఏ కనపడకుండా పురుగు డీఎన్‌ఏ వచ్చింది."

ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, బ్రహ్మయ్య గారింటి వైపు వెళ్లిపోయారు. కాసేపటికి వీధిలో ఇద్దరి గొంతులూ వినిపించాయి. ఏమనుకున్నారో తెలియదు గానీ, తిరిగొచ్చేసరికి సాంబయ్య గారు మామూలు మనిషయ్యారు. మజ్జిగ ఇంకాస్త పొయ్యమని పిన్నిగారిని అడిగారు.

భారతి మేడం తిరిగొచ్చాక నన్నేమీ అనలేదు. నేను వదిలేసిన గూళ్లలోంచి అప్పటికి కందిరీగలు రెక్కలతో బయటికొచ్చి డబ్బాలో తిరుగుతున్నాయి. ఒక్కో దాని ఒక్కో కాలు తీసి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి వంశవృక్షంలో మిరప కందిరీగలు ఎవరికీ దూరంగా నిలబడలేదు. పుస్తకాల్లో ఎప్పుడో పేరు పెట్టేసిన ఒక మామూలు జాతి పక్కన, మామూలుగా సర్దుకుని కూర్చున్నాయి. పత్తి చేలోవీ ఇవీ కంటికి కవల పిల్లల్లా కనిపించినా ఒకటి కావని, వేర్వేరు కొమ్మలవని కూడా తేలింది. నా పీహెచ్‌డీ ఆ ఒక్క ముక్క మీదే నిలబడింది. దానికి శాలువా ఎవరూ కప్పలేదు. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు శాంపిల్ ఎలా తీయకూడదో చెప్పే క్లాసు మాత్రం మేడం నాకే అప్పజెప్పింది. కేబుల్ చానల్ వీడియో ఆవిడ ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. క్లాసు దాంతోనే మొదలవుతుంది.

ఊళ్లో సంగతి వేరు. నేను శాస్త్రంలో పెట్టలేకపోయిన పేరు వాళ్లు నోటితో పెట్టేసుకున్నారు. లద్దె పురుగును ఆ చుట్టుపక్కల ఇప్పుడు లద్దె పురుగు అనరు. మొన్నామధ్య పిన్నిగారే ఫోన్ చేసి చెప్పింది. బాబాయ్ పర్చూరులో పురుగుమందుల కొట్టుకు వెళితే, కొట్టతను "కోటేశ్వరికా?" అని అడిగి సీసా తీసిచ్చాడట. మీకు బాధగా లేదా పిన్నిగారూ అని అడిగాను.

"బాధెందుకే? కోటేశ్వరి ఏ మందుకీ లొంగట్లేదని జిల్లా అంతా చెప్పుకుంటున్నారు."

కాబట్టి, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా మైక్రోస్కోపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. రెక్కలు రాని దేన్నీ ఇకపై నూరను. ఎవరి కడుపులో ఏముందో తెలియకుండా వాళ్ల వంశం గురించి మాట్లాడను. అన్నం పెట్టినవాళ్ల పేర్లు పురుగులకు పెట్టను. అన్నిటికన్నా ముఖ్యంగా, మేడం ఊళ్లో లేనప్పుడు ఏదీ కనిపెట్టను.